64 మంది 128 మంది ఎలా అయ్యారు?

ఈసారి ఉత్తరం గోదావరి డెల్టా నుంచి వచ్చింది. రాసినవారు ఒక డాక్టరమ్మ. తొమ్మిది పేజీలు, చేతిరాత. పేరు, ఊరు, కాలేజీ బయటపెట్టవద్దన్నారు కనుక గుర్తుపట్టడానికి వీలున్న వివరాలు తీసేసి సంగతి మాత్రం చెబుతాను.

ఆమెకు 31 ఏళ్లు. పుట్టింది లంక గ్రామంలో. తండ్రి రిటైరైన బడిపంతులు. ఆమె జనరల్ మెడిసిన్‌లో ఎం.డి. చేశారు. థీసిస్ అంశం పాముకాటు. డెల్టాలో ఈ అంశం కోసం పుస్తకాలు తిరగేయనక్కరలేదు. సార్వా కోతలప్పుడు పనల కింద చెయ్యి పెట్టినవాళ్లు, రాత్రిపూట చేనుకు నీరు పెట్టబోయినవాళ్లు, చేపల చెరువు గట్టు మీద చెప్పులు లేకుండా నడిచినవాళ్లు రక్తపింజర కరిచి వార్డుకు వస్తూనే ఉంటారు. పద్దెనిమిది నెలలపాటు వచ్చిన ప్రతి కేసునూ ఆమె రాసుకున్నారు. గాజు గొట్టంలో కాస్త రక్తం పోసి, కదపకుండా ఇరవై నిమిషాలు ఉంచి, గడ్డ కట్టిందా లేదా అని వంచి చూసే పరీక్షను అర్ధరాత్రి రెండింటికి కూడా తానే చేశారు.

మొత్తం 64 మంది. వారిలో 34 మందికి విరుగుడు మందు తక్కువ మోతాదులో, అంటే అయిదు వయల్స్ (చిన్న మందు సీసాలు) లోపు ఎక్కించారు. 30 మందికి పూర్తి మోతాదు ఇచ్చారు. ఎవరికి ఎంత అన్నది ఆమె నిర్ణయించలేదు. విషం లక్షణాలు తక్కువగా ఉన్నవారికి, స్టాకు లేని రోజున వచ్చినవారికి తక్కువ పడింది. విరుగుడు వల్ల వచ్చే రియాక్షన్లు, అంటే దద్దుర్లు, వణుకు, రక్తపోటు పడిపోవడం వంటివి తక్కువ మోతాదువారిలో 9 మందికి, పూర్తి మోతాదువారిలో 13 మందికి వచ్చాయి. గణాంకాల లెక్కలో పి విలువ 0.16 వచ్చింది. ఈ తేడా ఊరికే తటస్థించింది కాదని చెప్పడానికి అది చాలదు. థీసిస్‌లో ఆమె ఆ మాటే నిజాయితీగా రాశారు. ఎం.డి. పూర్తయింది.

రెండేళ్ల తర్వాత, థీసిస్‌ను పర్యవేక్షించిన గైడ్ నుంచి వాట్సాప్ సందేశం వచ్చింది: ‘మన పేపర్ వచ్చింది, అభినందనలు.’ ఆమె సంతోషించి, కృతజ్ఞతలు చెప్పి, వేరే కాలేజీలో అసిస్టెంట్ ప్రొఫెసర్ పోస్టుకు పెట్టిన దరఖాస్తులో ఆ పేపర్‌ను కూడా చేర్చారు. చదవలేదు. నాలుగు నెలల కిందట ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం నుంచి పరిచయం లేని కుర్ర డాక్టరు ఫోన్ చేశాడు. ‘మేడం, మీ పేపర్ చూశాను. రక్తపింజర కేసుకు అయిదు వయల్స్ ఇచ్చి ఆపేయవచ్చంటారా?’ అని అడిగాడు. ఆమె తడబడి, ‘ప్రొటోకాల్ చూసుకోండి’ అని ఫోన్ పెట్టేసి, అప్పుడు పేపర్ తెరిచారు.

అందులో రోగులు 128 మంది. తక్కువ మోతాదులో 68 మంది, రియాక్షన్లు 18 మందికి. పూర్తి మోతాదులో 60 మంది, రియాక్షన్లు 26 మందికి. పి విలువ 0.045. కంప్యూటర్ లాటరీ పద్ధతిలో రోగులను రెండు గుంపులుగా విభజించామని రాసి ఉంది. సగటు వయసు, ఆసుపత్రికి చేరడానికి పట్టిన గంటలు దశాంశాలతో సహా ఆమె థీసిస్‌లో ఉన్నవే. రోగుల మీద పరిశోధనలకు ఒప్పుకోలు ఇచ్చే ఎథిక్స్ కమిటీ అనుమతి నంబరు కూడా ఆమె థీసిస్‌దే. మొదటి పేరు గైడ్ గారి అమ్మాయిది. ఆమె ఎక్కడో వేరే రాష్ట్రంలో పీజీ చదువుతోంది, ఈ వార్డు గుమ్మం తొక్కలేదు. రెండో పేరు గైడ్, మూడోది హెచ్‌ఓడీ (విభాగాధిపతి), నాలుగోది ఈమె. జర్నల్‌కు అందిన తేదీకి, అంగీకరించిన తేదీకి మధ్య తొమ్మిది రోజులు. థీసిస్ సమర్పించే హడావిడిలో పెట్టమన్నచోటల్లా సంతకాలు పెట్టానని, వాటిలో జర్నల్‌కు ఇచ్చే అంగీకార పత్రం కూడా ఉండి ఉంటుందని ఆమె అనుమానం.

ఇంత వరకు అయితే కోపం తెచ్చుకోవడం సులువు. కానీ కరోనా రెండో విడతలో ఆక్సిజన్ పడక దొరకని రాత్రి, ఈ గైడ్ గారే తన కారులో ఆమె తండ్రిని తీసుకువెళ్లి చేర్పించి, తెల్లవార్లూ వరండాలో కూర్చున్నారు. ఆ తండ్రి ఇప్పుడు, ‘ఎల్లాప్రగడ సుబ్బారావు గారు పేరు కోసం పాకులాడారా? వదిలెయ్యమ్మా’ అంటున్నారు. భర్త, ‘అందరూ చేసేదే, ఇల్లు సగంలో ఉంది, ఇప్పుడు గొడవలు ఎందుకు’ అంటున్నారు. ఇంటర్వ్యూ వచ్చే నెలలో. ఆమె అడిగినవి మూడు. నా పేరు తీయించుకుంటే సరిపోతుందా? సార్‌కు ఎదురు నిలవడం కృతఘ్నత కాదా? బయటపెడితే నా ఎం.డి. పోతుందా?

అమ్మా,

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండోసారి చేతిలో పెన్సిల్ పట్టుకున్నాను. తొమ్మిది పేజీల్లో దాదాపు ఆరు పేజీలు ఎవరి పేరు ముందు, ఎవరి పేరు వెనుక అన్నదాని గురించే ఉన్నాయి. అంకెల గురించి ఒకటిన్నర పేజీ. ఫోన్ చేసిన కుర్రవాడి గురించి నాలుగు వాక్యాలు. మిమ్మల్ని తప్పుపట్టడానికి చెప్పడం లేదు, అవమానం ఎప్పుడూ ముందు మాట్లాడుతుంది. కానీ ఇక్కడ రెండు తగాదాలు ఒకదానిలో ఒకటి చిక్కుపడ్డాయి. విడదీయకుండా ఏ అడుగు వేసినా తప్పుడు చోట పడుతుంది.

మొదటి తగాదా పేర్లది. 1978లో కొందరు వైద్య పత్రికల సంపాదకులు కెనడాలోని వాంకూవర్‌లో కూర్చుని పరిశోధన పత్రాలకు ఉమ్మడి నియమాలు రాసుకోవడం మొదలుపెట్టారు. ఆ బృందమే తర్వాత వైద్య పత్రికల సంపాదకుల అంతర్జాతీయ సంఘమైంది. ఎవరిని రచయిత అనాలో ఆ సంఘం చెప్పిన కొలత ఇది: పని ఆలోచించడంలోనో, సమాచారం సేకరించడంలోనో, విశ్లేషించడంలోనో గట్టి పాలు ఉండాలి. రాయడంలోనో దిద్దడంలోనో చెయ్యి ఉండాలి. తుదిరూపం చూసి ఒప్పుకొని ఉండాలి. ఈ మూడింటికీ 2013లో నాలుగోది చేర్చారు. పనిలోని ఏ భాగం మీద సందేహం వచ్చినా జవాబుదారీగా నిలబడతానని ఒప్పుకోవాలి. నాలుగూ ఉంటేనే రచయిత. గైడ్ గారి అమ్మాయికి వీటిలో ఒక్కటీ ఉన్నట్లు లేదు. హెచ్‌ఓడీకి ఆ కుర్చీయే అర్హత. మరి మీకు? మొదటిది నూటికి నూరుపాళ్లు ఉంది. మూడోది లేదు, పేపర్ చూడలేదు కదా. అంటే నియమం ప్రకారం మొదటి పేరు కావలసిన మీరు, ఈ పేపర్ వరకు రచయితే కారు. వినడానికి చేదుగా ఉంటుంది, కానీ ఈ చేదు తర్వాత మీకు పనికొస్తుంది.

ఇక్కడ నా సంగతి కూడా చెప్పుకోవాలి, లేకపోతే మీకు నీతులు చెప్పే అర్హత నాకు ఉండదు. నేను పాతికేళ్లు ఫార్మకాలజీ, అంటే మందుల శాస్త్రం బోధించాను. నా పేరుతో పదకొండు పేపర్లు ఉన్నాయి. వాటిలో మూడింటిని అచ్చయ్యాక కూడా నేను పూర్తిగా చదవలేదు. పీజీలు తెచ్చి ‘సార్, మీ పేరు పెట్టాం’ అంటే మొహమాటపడి ఊరుకున్నాను. మొహమాటం అన్నది ఇప్పుడు నేను పెట్టుకున్న పేరు. అప్పట్లో దాన్ని ప్రమోషన్ అనేవాళ్లం. వైద్య కళాశాలల్లో పైమెట్టు ఎక్కడానికి పేపర్లు ఉండి తీరాలన్న నిబంధన వచ్చాక ఈ బేరం మరింత ముదిరింది. 2015లో భారత వైద్య మండలి, మొదటి ఇద్దరు రచయితలకే లెక్క అని సర్క్యులర్ ఇచ్చింది. తర్వాత సడలించారు గానీ, పేర్ల వరుస ఇళ్లలో ఆస్తి పంపకంలా మారడానికి అది చాలింది. మీ గైడ్ కూతురి పేరును మొదట ఎందుకు పెట్టారో ఊహించడానికి పెద్ద తెలివి అక్కరలేదు.

ఈ పేర్ల తగాదాలో మీరు రాజీ పడవచ్చు. పడకపోవచ్చు. నష్టపోయేది మీరు, కాబట్టి వదులుకునే హక్కూ మీదే. మీ నాన్నగారు సుబ్బారావు గారిని తలచుకున్నది ఇక్కడ కొంత వరకు వర్తిస్తుంది. 1895లో భీమవరంలో పుట్టి హార్వర్డ్ చేరిన ఆ మనిషి, రక్తంలో ఫాస్ఫరస్ కొలిచే పద్ధతిని అక్కడి శాస్త్రవేత్త ఫిస్క్‌తో కలిసి 1925లో ప్రచురించారు. మీరు బయోకెమిస్ట్రీ ప్రాక్టికల్స్‌లో ఫిస్క్–సుబ్బారావు పద్ధతి అని రాసే ఉంటారు. తర్వాత సుబ్బారావు గారు వేరుచేసిన కొన్ని పదార్థాలను ఫిస్క్ వెలుగు చూడనివ్వలేదని, వాటిని ఇతరులు మళ్లీ కనిపెట్టవలసి వచ్చిందని 1988లో నోబెల్ అందుకున్న జార్జ్ హిచింగ్స్ అన్నారు. ఆయనా సుబ్బారావు గారితో పాటు అక్కడ పనిచేసినవారే. సుబ్బారావు గారు పేరు పోతే ఊరుకున్నారు, నిజమే. కానీ ఆ ఫాస్ఫరస్ కొలతలో ఒక అంకె ఎవరైనా మార్చి, కింద ఆయన పేరు పెట్టి ఉంటే ఊరుకునేవారా? నాన్నగారిని ఈ ప్రశ్న మెల్లగా అడిగి చూడండి. పిల్లల మార్కులు దిద్దిన పంతులు గారు. ఆయనకు తేడా తెలుస్తుంది.

ఇక రెండో తగాదా, అంకెలది. ఇది మీ సొంత ఆస్తి కాదు గనుక వదులుకునే హక్కు మీకు లేదు, గైడ్ గారికీ లేదు.

డాక్టర్లు కాని పాఠకుల కోసం ఈ మోసం ఎలా పనిచేస్తుందో చెబుతాను. రైసు మిల్లు కాటా మీద ఒకే బస్తాను రెండుసార్లు పెట్టి రెండు బస్తాలని రాసుకున్నారు అనుకోండి. సగటు బరువు ఏమీ మారదు. రెండుసార్లూ అదే బరువు కదా. అందుకే మీ పేపర్‌లో సగటు వయసు, సగటు గంటలు చెక్కు చెదరలేదు. కానీ చీటీలో బస్తాల సంఖ్య రెట్టింపయింది. ఎక్కువ మందిలో ఒకే తేడా కనిపిస్తే అది యాదృచ్ఛికం కాదన్న నమ్మకం పెరుగుతుంది, పి విలువ తగ్గుతుంది. 34లో 9, 30లో 13 అన్న చోట 0.16 వచ్చింది. 68లో 18, 60లో 26 అనగానే 0.045 అయింది. తేడా యాదృచ్ఛికం కాదని ఒప్పుకోవడానికి పరిశోధకులు గీసుకున్న 0.05 గీతకు వెంట్రుక వాసి ఇవతల. మీ ఉత్తరంలోని అంకెలతో నేనే లెక్క వేసి చూశాను, సరిగ్గా అంతే వస్తుంది. వేరే ఆసుపత్రి నుంచి మరో 64 మందిని కలిపారేమో అని మొదట అనుకున్నాను. కొత్త మనుషులు కలిస్తే ఏదో ఒక దశాంశం కదలాలి. ఒక్కటీ కదలలేదు.

నా దృష్టిలో దీనికన్నా పెద్ద అబద్ధం మరొకటి ఉంది, మీరు దాని మీద ఎక్కువ నిలవలేదు. లాటరీ తీశామన్న మాట. మీ 34 మందికి తక్కువ మందు పడింది, వారిలో చాలామందికి విషం తక్కువగా ఎక్కింది గనుక. వాళ్లు బాగానే కోలుకుంటారు. మందు తగ్గించడం వల్ల కోలుకున్నారని దాని అర్థం కాదు. లాటరీ తీసి ఉంటే ఆ వాదన నిలిచేది. తీయకుండా తీశామని రాస్తే, ఆ పేపర్ చదివినవాడు రక్తం గడ్డకట్టని మనిషికి కూడా అయిదు వయల్స్ చాలనుకుంటాడు. మన దేశంలో వాడుకలో ఉన్న పద్ధతి అలాంటి మనిషికి మొదటి విడతలోనే 8 నుంచి 10 వయల్స్ ఇమ్మంటుంది. రక్తపింజర విషం మూత్రపిండాలను ఏం చేస్తుందో మీకు నేను చెప్పాలా? మన దేశంలో 2000 నుంచి 2019 వరకు పాముకాటుతో చనిపోయినవారు ఏటా సగటున 58 వేల మంది అని పరిశోధకులు అంచనా వేశారు. అందులో ఎక్కువమంది ఆసుపత్రి దాకా చేరనివారు. చేరినవారిని కూడా మందు తగ్గించి పోగొట్టుకోవడం ఎందుకు?

ఇంకో సంగతి. నిజంగా లాటరీ తీసి చికిత్సలను పోల్చే ప్రయోగమైతే, మొదటి రోగిని చేర్చుకునే ముందే దాన్ని నమోదు చేయాలని ఆ సంపాదకుల సంఘం 2005 నుంచి పట్టుబడుతోంది. మన దేశంలో దాని కోసం 2007లోనే క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ పెట్టారు. మీ పేపర్‌లో ఆ నమోదు సంఖ్య లేదన్నారు. సంపాదకుడు అడగనూ లేదు. తొమ్మిది రోజుల్లో అడగడానికి తీరిక ఎక్కడిది!

కాబట్టి మీ ముందున్న దారులు, వాటి చివర ఏముందో నాకు తెలిసినంత చెబుతాను. నడవవలసింది మీరు.

ఊరుకోవడం ఒక దారి. మీ భర్త చెప్పింది అదే, ఆయన్ను తీసిపారేయను. చాలామంది ఊరుకున్నారు, వారిలో ఎక్కువమందికి ఏమీ కాలేదు. కానీ ఇదివరకు మీకు తెలియదు, ఇప్పుడు తెలుసు. రేపు ఎవరో పాత పేపర్లన్నీ కలిపి సంకలన పరిశోధన చేస్తూ మీ 128 మందిని తమ లెక్కలో కలుపుకుంటారు. ఇంటర్వ్యూలో ఎవరో ఒక మంచి పరీక్షకుడు ‘రోగులను ఎలా విభజించారు?’ అని అడుగుతాడు. అప్పుడు అబద్ధం గైడ్ గారిది కాదు, మీది అవుతుంది.

మీ పేరు ఒక్కటి తీయించుకోవడం రెండో దారి. ఇది మీకు బాగా నచ్చినట్లుంది. నాకు అంత నచ్చలేదు. అచ్చయిన పేపర్ నుంచి పేరు తీయాలంటే మామూలుగా రచయితలందరి అంగీకారం అడుగుతారు, కారణం అడుగుతారు, సవరణ ప్రకటిస్తారు. కారణంగా ఏమి రాస్తారు? అంకెలు అబద్ధమని రాస్తే అది ఫిర్యాదే అవుతుంది. వ్యక్తిగత కారణాలని రాస్తే, నిజం తెలిసిన ఏకైక మనిషి బయటకు వెళ్లిపోయి, అబద్ధం నిశ్చింతగా లోపల ఉంటుంది. 1998లో లాన్సెట్ పత్రికలో ఎం.ఎం.ఆర్. టీకాకూ ఆటిజానికీ ముడిపెట్టిన వేక్‌ఫీల్డ్ పేపర్ మీకు తెలుసు. 12 మంది పిల్లలు, 13 మంది రచయితలు. ఆ రచయితల్లో పదిమంది 2004లో బయటకు వచ్చి, ఆ పేపర్ చేసిన వ్యాఖ్యానాన్ని మేము ఉపసంహరించుకుంటున్నాం అని అదే పత్రికలో ప్రకటించారు. పేర్లు చెరిపేసుకోలేదు, పేర్లతోనే చెప్పారు. పత్రిక పూర్తిగా పేపర్‌ను వెనక్కి తీసుకోవడానికి 2010 దాకా పట్టింది. ఆ ఆరేళ్లూ కనీసం వాళ్ల మాట రికార్డులో ఉంది. పేరు తీయించుకోవడం కన్నా అలా పేరు పెట్టి విభేదించడం మేలని నేను అనుకుంటాను.

గైడ్ గారితో ముందు మాట్లాడటం మూడో దారి. మీ స్థానంలో ఉంటే నేను ఇక్కడ మొదలుపెట్టేవాడినేమో. కానీ దానికి ముందు ఒక పని ఉంది. మీ దగ్గర ఉన్న ప్రొఫార్మాలు (ఒక్కో రోగి వివరాలు నింపిన ఫారాలు), థీసిస్ చివరన జతచేసిన మాస్టర్ చార్ట్ (రోగులందరి వివరాల పట్టిక), ఎథిక్స్ కమిటీ అనుమతి లేఖ, గైడ్ గారి వాట్సాప్ సందేశం, ఇవన్నీ ఒకచోట భద్రపరచండి. రోగుల కేస్ షీట్లు మాత్రం ఇంటికి తేవద్దు, ఫోటోలు తీయవద్దు. అవి రోగులవి, ఆసుపత్రివి. వాటి నంబర్లు మీ మాస్టర్ చార్ట్‌లో ఉన్నాయి, చాలు. ఆ చార్ట్ ప్రతి విశ్వవిద్యాలయానికి సమర్పించిన థీసిస్‌లో కూడా ఉంది. దాన్ని ఎవరూ మార్చలేరు. మీ అసలు బలం అదే. మొరాదాబాద్‌కు చెందిన ఒక వైద్యుడి గుండెజబ్బుల ఆహార పరిశోధనను బి.ఎం.జె. అనే బ్రిటిష్ వైద్య పత్రిక 1992లో ప్రచురించింది. సందేహాలు వచ్చి మూల రికార్డులు అడిగితే, వాటిలో కొన్ని చెదలు తినేశాయని జవాబు వచ్చింది. ఏళ్లతరబడి తేలక, చివరికి 2005లో ఆ పత్రిక ‘మాకు అనుమానంగా ఉంది’ అని ప్రకటించగలిగింది, అంతే. మన తేమ నేలలో చెదలకు కొదవ లేదు కదా.

మాట్లాడేటప్పుడు ఒంటరిగా, నేరుగా వెళ్లండి. మోసం అన్న మాట నోట రానివ్వకండి. ‘సార్, నా థీసిస్‌లో 64 మంది, పేపర్‌లో 128 మంది ఉన్నారు. ఒక పీహెచ్‌సీ డాక్టరు దాన్ని చూసి మోతాదు తగ్గించబోయాడు. నాకు భయంగా ఉంది. మనమే వెనక్కి తీసుకుందామా?’ అనండి. ‘మనమే’ అన్న మాట ముఖ్యం. తప్పు తెలిసి రచయితలే స్వయంగా పేపర్ వెనక్కి తీసుకోవడానికి వీలుంది, దానికి గౌరవమూ ఉంది. 2018లో రసాయనశాస్త్రంలో నోబెల్ పొందిన ఫ్రాన్సెస్ ఆర్నాల్డ్, ఫలితాలు మళ్లీ రాబట్టలేకపోయామని 2020లో తన పేపర్‌ను తానే ఉపసంహరించుకున్నారు, బహిరంగంగా క్షమాపణ చెప్పారు. ఆమె పరువు ఏమీ పోలేదు. ఆమెది పొరపాటు, ఇది పొరపాటులా లేదు, నిజమే. అయినా తలుపు తెరిచి చూపించడం మీ వంతు. ఆయన ఒప్పుకోవచ్చు. కోప్పడవచ్చు. ‘నీ సంతకం కూడా ఉంది’ అని బెదిరించవచ్చు. అదే రోజు సాయంత్రం, ‘ఈ రోజు మాట్లాడుకున్న విషయం’ అంటూ మర్యాదగా ఒక ఈ-మెయిల్ పంపి పెట్టుకోండి.

నాలుగోది సంపాదకుడికి రాయడం. 1997లో బ్రిటన్‌లోని వైద్య సంపాదకులు కొందరు కలిసి పెట్టుకున్న కమిటీ ఒకటి ఉంది, పబ్లికేషన్ ఎథిక్స్ కమిటీ, పొట్టిగా కోప్. ఇలాంటి ఫిర్యాదు వస్తే ఏం చేయాలో అది మెట్లు మెట్లుగా రాసి పెట్టింది. సంపాదకుడు ముందు రచయితలను వివరణ, మూల సమాచారం అడుగుతాడు. సంతృప్తి కలగకపోతే వాళ్ల సంస్థకు రాసి విచారణ కోరతాడు. తర్వాత సవరణో, అనుమాన ప్రకటనో, ఉపసంహరణో. ఇది నెలల్లో తేలితే అదృష్టం, ఏళ్లు పట్టడం మామూలు. అయితే మీ జర్నల్ ఆ బాపతు జర్నల్ అవునా అన్నది ముందు చూడండి. కోప్ సభ్యుల జాబితాలో ఉందా, ఓపెన్ యాక్సెస్ జర్నళ్ల డైరెక్టరీలో ఉందా అన్నది పది నిమిషాల పని. డబ్బు తీసుకుని, సమీక్ష చేశామని చెప్పుకుని అచ్చేసే దుకాణాలు మనకు కొత్త కాదు. హైదరాబాద్‌కు చెందిన ఒమిక్స్ సంస్థపై ఇలాంటి ఆరోపణలతోనే అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2016లో కేసు వేసింది. 2019లో అక్కడి కోర్టు అయిదు కోట్ల డాలర్లకు పైగా చెల్లించమని తీర్పు ఇచ్చింది. మీ జర్నల్ ఆ జాతిదైతే, మీ ఉత్తరం చదవకుండానే గైడ్ గారికి పంపేస్తారు. అప్పుడు దారి కాలేజీ వైపే: ఎథిక్స్ కమిటీకి, ప్రిన్సిపాల్‌కు. ఎథిక్స్ కమిటీకి రాస్తే విషయం సూటిగా ఉంటుంది. వాళ్లు అనుమతించింది చికిత్సను గమనించే అధ్యయనానికి. వాళ్ల నంబరు వేసి వేరే ప్రయోగం అచ్చయింది. ఇది వాళ్ల పరువు కూడా.

పేరు లేకుండా ఫిర్యాదు చేయవచ్చా అని మీరు అడగలేదు గానీ మనసులో ఉండే ఉంటుంది. చేయవచ్చు. ఆధారాలు ఉంటే ఆకాశరామన్న ఉత్తరాన్ని కూడా పట్టించుకోవాలనే కోప్ చెబుతుంది. కానీ ఆ 64 మంది లెక్క తెలిసినవాళ్లు ఇద్దరే, మీరూ మీ గైడూ. పేరు రాయకపోయినా చేతిరాత తెలిసిపోతుంది.

భయపెట్టే కథ ఒకటి దాచకుండా చెప్పాలి. కెనడాలోని మెమోరియల్ విశ్వవిద్యాలయంలో రంజిత్ చంద్ర అనే పేరుమోసిన పోషకాహార పరిశోధకుడు ఉండేవారు. ఆయన దగ్గర మెరిలిన్ హార్వీ అనే నర్సు శిశువులను చేర్చి సమాచారం సేకరించేది. ఆమె ఇంకా సేకరిస్తూ ఉండగానే ఫలితాలు అచ్చయిపోయాయి. 1990ల మొదట్లో ఆమె ఫిర్యాదు చేసింది. విశ్వవిద్యాలయం విచారించి, నివేదికను తొక్కిపెట్టింది. 2006లో టీవీ కథనం వచ్చేదాకా లోకానికి తెలియలేదు. ఆయన ఆ టీవీ మీద వేసిన పరువునష్టం దావా 2015లో ఓడిపోయింది. ఆయన పాత పేపర్లను బి.ఎం.జె., లాన్సెట్ వెనక్కి తీసుకున్నది ఆ తర్వాతనే. మీకు కూడా అలాగే జరుగుతుందని కాదు. సంస్థలు తమవాళ్లను కాపాడుకుంటాయి, న్యాయం వచ్చినా అలసిపోయి వస్తుంది, అది తెలిసి దిగండి. దిగితే వాట్సాప్ గ్రూపుల్లో మాత్రం ఒక్క అక్షరం రాయవద్దు. మీకు తెలిసినది ‘లెక్కలు సరిపోవడం లేదు’ అన్నంతే. ఎవరు, ఎందుకు చేశారో విచారణ చెప్పాలి.

ఎం.డి. సంగతి. మీ డిగ్రీ మీ థీసిస్ మీద వచ్చింది, ఈ పేపర్ మీద కాదు. థీసిస్‌లో ఉన్నది నిజం. 0.16 అని రాయడానికి ధైర్యం కావాలి, మీరు రాశారు. అది పోవడానికి నాకు కారణం కనిపించడం లేదు. పోయే ప్రమాదం ఉన్నది దరఖాస్తు. చదవని పేపర్‌ను మీ ఖాతాలో చూపించారు. నేను మూడుసార్లు చేసిన తప్పే అది. ఇంటర్వ్యూకు ముందే ఆ కాలేజీకి ఒక చిన్న లేఖ రాసి, ‘ఈ పత్రంలోని వివరాలు నా మూల సమాచారంతో సరిపోలడం లేదని గమనించాను, నా ప్రచురణల జాబితా నుంచి తొలగించండి’ అనవచ్చు. పోస్టు చేజారవచ్చు, నిజమే. కానీ గైడ్ గారి ముందు కూర్చునే రోజుకు మీ చేతిలో ఆయన పట్టుకోగల కొస ఏదీ మిగలదు. మిగిలిన దారుల్లో ఏది ఎంచుకున్నా దీన్ని ముందు చేయమంటాను.

ఇక ఆ వరండా రాత్రి. దాన్ని నేను తేలికగా తీసుకోను. ఆయన మీ నాన్నగారికి చేసింది నిజంగా చేసిందే, ఈ పేపర్ దాన్ని చెరపలేదు. ఆ రుణం ఉందని ఆయనతోనే చెప్పండి, రేపు ఆయన కష్టంలో ఉంటే మీరూ వరండాలో కూర్చోండి. కానీ అమ్మా, ఆ రాత్రి ఆయన మీకు ఇచ్చింది ఒక రోగి ప్రాణం. దానికి బదులుగా మరొక రోగి ప్రాణం మీద మౌనం అడుగుతారని నేను అనుకోను. అడిగితే, అప్పుడు ఆలోచిద్దాం. మళ్లీ రాయండి.

నెల రోజులు తీసుకోండి. అమ్మాయి పేరు, హెచ్‌ఓడీ పేరు, మీ నాలుగో స్థానం, ఇవన్నీ ఆగుతాయి. ఆ ఆరోగ్య కేంద్రం డాక్టరు నంబరు మీ ఫోన్లో ఇంకా ఉండే ఉంటుంది. సార్వా కోతలు మొదలయ్యాయి. ‘ఆ పేపర్‌ను నమ్మవద్దు, రక్తం గడ్డకట్టకపోతే పూర్తి మోతాదు ఇవ్వండి’ అని ఆయనకు ఈ రాత్రే చెప్పండి.